పాత ఫ్లాట్ కొనేముందు చిమ్నీ చెక్ చేయించాలా? కొంచెం పెద్ద సమాధానం

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ముందు దాన్ని క్లుప్తంగా రాస్తా, ఎందుకంటే సగం మంది చివరి లైను మాత్రమే చదివి "ఫలానా బ్రాండ్ కొనండి" అని చెప్పి వెళ్లిపోయారు. వాళ్లు విజయవాడ గుణదలలో తొమ్మిదేళ్ల రీసేల్ ఫ్లాట్ ఒకటి చూశారు, మూడో అంతస్తు, కిచెన్‌లో చిమ్నీ ఉంది, ఓనరు గారు "ఇరవై వేల చిమ్నీ అండి, మీకే వదిలేసి వెళ్తున్నా" అని రేటులో దాన్ని కూడా కలిపి చెప్తున్నాడు. ఇదే టైంలో వీళ్ల బావమరిది అమెరికాలో, ఒహాయోలో, ఇల్లు కొంటూ చిమ్నీ ఇన్‌స్పెక్షన్‌కే విడిగా వందల డాలర్లు కట్టాడంట. మరి మనం కూడా చేయించాలా, చేయిస్తే ఎవరితో, ఏం చూడాలి అని అడుగుతున్నారు.

నేను విజయవాడలో కిచెన్ చిమ్నీలు బిగించుకుంటూ, రిపేర్లు చేసుకుంటూ బతికేవాణ్ణి, ఈమధ్య కొన్నేళ్లుగా ఫ్లాట్ కొనేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు ఒకసారి వచ్చి చూడమని పిలవడం కూడా ఎక్కువైంది. సూటిగా చెప్పేస్తా. చెక్ చేయించండి. కానీ స్టవ్ మీద కనపడే ఆ స్టీలు, గాజు డబ్బా గురించి అంత బుర్ర పాడుచేసుకోవద్దు, అది పాడైతే ఇంకోటి తెచ్చి ఒక పూటలో బిగించేస్తాం. దాని వెనకాల నుంచి పొగ ఏ దారిన పోతోంది, ఎన్ని మలుపులు తిరుగుతోంది, అసలు ఇంట్లోంచి బయటికి పోతోందా లేదా, అది తెలియాలి. గోడలు పగలగొట్టకుండా మార్చలేనిది అదొక్కటే, ఓనరు కూడా చాలాసార్లు ఎప్పుడూ చూడనిది కూడా అదే.

మీ బావమరిది సంగతి ముందు తేల్చేద్దాం, ఆయన డబ్బు తగలేశాడని మీ ఇంట్లో అనుకుంటున్నారేమో, ఏం తగలెయ్యలేదు. అక్కడి చిమ్నీ వేరే జాతి. ఇటుకలతో కట్టిన గొట్టం ఇంటి మధ్యలోంచి పైకప్పు దాటి పోతుంది, కింద ఫైర్‌ప్లేస్‌లో కట్టెలు కాలుస్తారు. ఆ కట్టెల పొగ పైకి పోతూ చల్లటి గొట్టం గోడకి తగిలి నల్లటి తారులా పేరుకుంటుంది, దాన్ని క్రియోసోట్ అంటారు. అది మూడు మిల్లీమీటర్లు పేరుకుందంటే తోమించెయ్యాలి అని అక్కడి లెక్క. ఒకసారి అది అంటుకుందంటే లోపల వేడి 1100 డిగ్రీల సెల్సియస్ దాకా పోవచ్చు, ఆ వేడికి లోపలి మట్టి పెంకుల లైనర్ పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లలోంచి వేడి పక్కనున్న చెక్క ఫ్రేముకి తగులుతుంది. అక్కడ ఇళ్లు చాలావరకు చెక్కవే కాబట్టి ఇల్లే పోతుంది. పైకప్పు మీద నుంచి చూసినా కింద పొయ్యిలోంచి చూసినా ఆ పగులు కనపడదు, కెమెరా దింపాల్సిందే.

అందుకే అక్కడ అగ్నిప్రమాదాల నివారణ సంఘం వాళ్లు పెట్టిన ఎన్‌ఎఫ్‌పీఏ 211 అని ఒక స్టాండర్డ్ ఉంది, ఏడాదికోసారి చిమ్నీ చూపించుకోమంటుంది. అందులో మూడు లెవెల్స్ పెట్టారు. లెవెల్ 1 అంటే రోజూ వాడుతున్న చిమ్నీ, మార్పులేం లేవు, కంటికి కనపడినంత వరకు చూసి పోవడం. లెవెల్ 2 అంటే కెమెరా పెట్టి గొట్టం లోపలంతా చూడటం, అటక, బేస్‌మెంట్ లాంటి మనిషి దూరగలిగిన చోట్లకి కూడా పోయి చూడటం. ఇల్లు చేతులు మారేటప్పుడు, పొయ్యి గానీ ఇంధనం గానీ మార్చినప్పుడు, చిమ్నీలో మంట వచ్చాక, భూకంపం లాంటివి వచ్చాక లెవెల్ 2 చేయించాలని అందులోనే రాసుంది. లెవెల్ 3 అంటే ఏదో దాగి ఉందని గట్టి అనుమానం వచ్చి గోడో ఇంకోటో విప్పి చూడటం, అది అవసరమైతేనే. కాబట్టి కొనేవాడికి లెవెల్ 2 చెప్పారంటే రూలు ప్రకారమే చెప్పారు. ఇల్లంతా చూసే మామూలు హోం ఇన్‌స్పెక్టర్ సాధారణంగా గొట్టంలో కెమెరా దింపడు, అది చిమ్నీ వాళ్ల పని, అందుకే విడిగా బిల్లు.

"నేనసలు ఫైర్‌ప్లేస్ వెలిగించను గదా" అంటాడేమో అడగండి. చాలా పాత ఇళ్లలో ఇల్లు వేడిచేసే గ్యాస్ ఫర్నేస్, వేడినీళ్ల ట్యాంకు పొగ కూడా ఇటుక చిమ్నీలోంచే పోతుంది. కట్టెలు ముట్టుకోకపోయినా ఆ గొట్టం మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వెనక్కి వస్తుంది. ఇంకోటి, చిమ్నీ స్విఫ్ట్ అని ఒక పిట్ట ఉంది, ఆ గొట్టాల్లోనే గూడు కడుతుంది, గుడ్లూ పిల్లలూ ఉన్నంతకాలం ఆ గూడు తీయడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. మనకి పావురాలు ఉన్నాయి, వాటి సంగతి కిందికి వచ్చాక చెప్తా. ఆయనకి ఒక్క మాట మాత్రం చెప్పండి, తక్కువ రేటుకి క్లీనింగ్ కూపన్ ఇచ్చి లోపలికొచ్చి, "లైనర్ మొత్తం పోయింది, వేల డాలర్లు" అని భయపెట్టే బ్యాచ్ అక్కడ కూడా ఉంది. వీడియో తన చిమ్నీదేనని తేలేలా పొయ్యి దగ్గర మొదలుపెట్టి ఆపకుండా తీయించుకోమనండి.

సరే, ఇక మన కథ.

మన పాత పెంకుటిళ్లలో కట్టెల పొయ్యి మీద పొగగొట్టం ఉండేది, లేకపోతే పెంకుల సందుల్లోంచే పొగ పోయేది, గోడ మసి పట్టినా మనిషికి ఊపిరాడేది. ఇప్పుడు ఫ్లాట్లలో కిటికీకి మెష్, దానిమీద స్లైడింగ్ గ్లాస్, హాల్లో ఏసీ నడుస్తుంటే అది కూడా మూసేస్తాం, ఓపెన్ కిచెన్ అయితే పోపు ఘాటు తిన్నగా సోఫా మీదికి. మన ఇళ్లు స్లాబూ ఇటుకా కాబట్టి అమెరికాలోలాగా చెక్క ఫ్రేము అంటుకునే భయం లేదు అనుకుంటాం, కానీ ఇప్పటి మాడ్యులర్ కిచెన్ చూడండి, చిమ్నీ పైపు చుట్టూ ప్లైవుడ్ బాక్స్ కట్టి, లామినేట్ అంటించి, పైన జిప్సం ఫాల్స్ సీలింగ్ వేసి పైపు అనేదే కనపడకుండా చేస్తున్నారు. అంటే కాలేది మనమే తెచ్చి చుట్టూ పెట్టుకుంటున్నాం, చూసే దారి కూడా మనమే మూసుకుంటున్నాం.

మొగల్రాజపురంలో ఒక ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పటిది చెప్తా, దీనికంటే బాగా ఇంకేదీ అర్థం కాదు. చిమ్నీ తళతళలాడుతోంది, ఆన్ చేస్తే న్యూస్ పేపర్ టక్కున అంటుకుపోయింది, కొనేవాళ్లు నా వైపు చూసి బాగుందిగా అన్నట్టు నవ్వారు. నేను వాష్ ఏరియాలోకి వెళ్లి గోడ బయటంతా చూశా, పైపు బయటికి వచ్చిన కన్నం ఎక్కడా లేదు. ఓనరు గారిని అడిగితే "పైకి పోతుందండి" అన్నాడు. పైకి అంటే ఎక్కడికి, ఈయనది రెండో అంతస్తు, పైన ఇంకా మూడున్నాయి. ఫాల్స్ సీలింగ్‌లో ఒక లైటు విప్పి ఆ కన్నంలోంచి ఫోను పెట్టి వీడియో తీశాం. పైపు జిప్సం బోర్డు దాటి ఒక జానెడు పైకి వచ్చి అక్కడే ఆగిపోయింది, మూతి స్లాబు వైపు తిరిగి ఉంది. బోర్డు పైభాగమంతా ముదురు పసుపు జిగురు, లైట్ల వైర్లు ఒకదానికొకటి అంటుకుపోయి తాడులా అయిపోయినయ్, వాటిమీద బొద్దింకలు. ఆ ఇంటావిడ వీడియో చూసి "అంటే ఇన్నాళ్లూ మా పొగ మా నెత్తిమీదే ఉందా" అంది. పాపం వాళ్లు దాచిందేం లేదు, గోడకి కన్నం పెట్టడానికి అసోసియేషన్ ఒప్పుకోలేదంట, ఇంటీరియర్ వాళ్లు ఆ మాట వీళ్లకి చెప్పకుండా పైపుని సీలింగ్‌లోకి దూర్చి పని అయిందనిపించారు. ఆ వైర్లలో ఒక చిన్న స్పార్క్ వచ్చినా ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి మొట్టమొదట చూడాల్సింది బయటి గోడ. హుడ్ అంటే స్టవ్ మీది ఆ డబ్బా, దాని దగ్గరికి తర్వాత పోదురు గానీ, ముందు బాల్కనీలోకో వాష్ ఏరియాలోకో కిందికి దిగో, ఆ కిచెన్ గోడ బయట పైపు మూతి ఎక్కడుందో కనుక్కోండి. కనపడితే చిమ్నీ ఫుల్ స్పీడ్‌లో పెట్టించి అక్కడ చెయ్యి పెట్టి చూడండి, గాలి గట్టిగా కొట్టాలి. హుడ్ కింద పేపర్ అంటుకోవడం పెద్ద పరీక్షేం కాదు, లోపల పీల్చినంత బయట రాకపోతే మధ్యలో ఎక్కడో కారుతోందనో ఆగిపోయిందనో అర్థం. మూతి కింద గోడ మీద నూనె చారలు కొంచెం ఉంటే కంగారు పడక్కర్లేదు, అసలేం లేకపోతేనే నాకు అనుమానం, తొమ్మిదేళ్లు వంట చేసిన ఇంటికి ఒక్క చార కూడా లేదంటే పొగ ఇటు రావట్లేదేమో, లేకపోతే ఈమధ్యే సున్నం కొట్టించి ఉంటారు. మూతికి జాలీ గానీ కవర్ గానీ లేకపోతే పావురాలు దూరి పుల్లలు పేర్చేస్తాయి, పై అంతస్తుల్లో ఇది మామూలే, నాలుగు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటే చాలు. అలాగని దోమల మెష్ లాంటి సన్న జాలీ కొట్టిస్తే అది నూనె పట్టి మూసుకుపోతుంది, అరంగుళం సందులున్నది సరిపోద్ది.

కొన్ని అపార్ట్‌మెంట్లలో పైపు బయటి గోడకి కాకుండా బాత్రూం పైపులు దిగే మధ్య షాఫ్ట్‌లోకి వదులుతారు. పైన తెరుచుకుని ఉన్న వెడల్పాటి షాఫ్ట్ అయితే ఫరవాలేదు. పైన రేకు వేసేసి ఉంటే మాత్రం అయిదు ఇళ్ల పొగ అందులోనే తిరుగుతుంటుంది, మీరు చిమ్నీ ఆపగానే కింది వాళ్ల చేపల పులుసు వాసన మీ ఇంట్లో. దీనికోసమే హుడ్ పైన గాలి వెనక్కి రాకుండా చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉంటాయి, ఏళ్లు గడిచాక అవి జిడ్డు పట్టి తెరుచుకునే ఉండిపోతాయి, లేదంటే మూసుకునే ఉండిపోతాయి. మూసుకుపోతే చిమ్నీ అరుస్తుంది గానీ పీల్చదు.

ఇప్పుడు పైపు సైజు, దీని దగ్గర కొంచెం ఆగుతా. షాపులో అందరూ అడిగేది సక్షన్ ఎంత అని, 1000, 1200, 1400 అని డబ్బా మీద వేస్తారు, అది గంటకి ఎన్ని ఘనపు మీటర్ల గాలి లాగుద్దో ఆ లెక్క. మీ కిచెన్ 8 అడుగులు 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు అనుకోండి, మొత్తం 800 ఘనపుటడుగులు, అంటే 23 ఘనపు మీటర్ల లోపే. 1000 సక్షన్ నిజంగా వస్తే ఆ కిచెన్‌లో గాలి మొత్తం గంటకి నలభైసార్లకి పైగా మారిపోద్ది, మన వంటకి అది చాలా ఎక్కువ. మరి 1200 పెట్టుకున్న ఇంట్లో కూడా హాల్లో వాళ్లు ఎందుకు దగ్గుతున్నారు? ఆ నంబరు ముందు అడ్డేమీ లేకుండా గాలి తిరిగినప్పటిది, మీ పైపుతో కలిపి కాదు. చిమ్నీ మూతి మామూలుగా 6 అంగుళాలు ఉంటుంది. గోడకి 6 అంగుళాల కన్నం కొట్టాలంటే కోర్ కటింగ్ మిషను తెప్పించాలి, అంత ఓపిక లేని వాళ్లు ఉన్న 4 అంగుళాల కన్నంలోకే రిడ్యూసర్, అంటే పైపు సైజు తగ్గించే ముక్క, పెట్టి కలిపేస్తారు. 6 అంగుళాల గొట్టం నోరు 28 చదరపు అంగుళాలు, 4 అంగుళాలది పన్నెండున్నర, అంటే సగం కూడా లేదు. జలుబు చేసి ముక్కు మూసుకుపోయిన మనిషిని గట్టిగా ఊపిరి పీల్చమన్నట్టే, చప్పుడు పెరుగుద్ది తప్ప గాలి ఆడదు, మోటార్ వేడెక్కి దాని ఆయుష్షు కూడా తగ్గుద్ది. "మా చిమ్నీ మిక్సీలాగా సౌండ్ వస్తోంది" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఇదే, మోటార్ మార్చినా తగ్గదు.

తర్వాత మలుపులు. హుడ్ నుంచి గోడ దాకా ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. ఒక మలుపు మామూలే, రెండు ఓకే, మూడు నాలుగు తిరిగి బీరువా వెనకనుంచి వెళ్లి ఇంకో గది దాటి పోతుందంటే దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ముడతలుండే అల్యూమినియం ఫ్లెక్సిబుల్ పైపు అయితే ప్రతి ముడతలో నూనె ఆగుద్ది, మధ్యలో వేలాడిందంటే ఆ పల్లంలో నూనె మడుగు కడుతుంది, దాన్ని సాగదీసి బిగుతుగా కట్టాలి గానీ మిగిలిన పొడుగంతా కుక్కెయ్యకూడదు. మన దగ్గర ఎక్కువగా వాడేది పీవీసీ పైపు, డ్రైనేజీకి వాడేదే. చవక, తిన్నగా ఉంటుంది, లోపల నున్నగా ఉంటుంది, గాలి బాగానే పోద్ది. కానీ అది వేడికి మెత్తబడేది, మంట తగిలితే దాని పొగ ఘాటైన విషం. నా మాట అడిగితే హుడ్ దగ్గరి ముక్క అయినా జీఐ రేకుదో స్టీలుదో వేయించుకోండి. ఉన్న పీవీసీ చూసి ఫ్లాట్ వదులుకోమని అనను, మార్చుకునే ఖర్చు లెక్కలో వేసుకోండి అంటా.

అసలు పైపే లేని చిమ్నీలు కూడా ఉంటాయి, డక్ట్‌లెస్ అని. బొగ్గు ఫిల్టర్ గుండా గాలి తిప్పి మళ్లీ కిచెన్‌లోకే వదులుద్ది. ఆ బొగ్గు ఫిల్టర్ కడిగితే పనికిరాదు, కొన్ని నెలలకోసారి కొత్తది వెయ్యాలి, వేడీ తేమా ఎలాగూ ఇంట్లోనే ఉంటాయి. అద్దె ఇంట్లో వేరే గతి లేక పెట్టుకుంటే సరే. ఎండుమిర్చి, ఇంగువ, ఆవాలు రోజూ చిటపటలాడే గుంటూరోళ్ల కిచెన్‌కి అది చాలదు, ఓనరు దాన్ని ఇరవై వేలంటే నవ్వి ఊరుకోండి.

మీరే చెయ్యగలిగిన పరీక్ష ఒకటి చెప్తా. రెండోసారి ఫ్లాట్ చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక అగరబత్తి పట్టుకెళ్లండి. కిటికీ కొంచెం తెరిచి చిమ్నీ మీడియం స్పీడ్‌లో పెట్టి, స్టవ్ ముందు బర్నర్ మీద అగరబత్తి పట్టుకోండి, పొగ తీగ తిన్నగా హుడ్‌లోకి వంగాలి. మెల్లగా మీ వైపుకి, పక్కలకి జరపండి, ఎక్కడ పొగ హుడ్‌ని వదిలేసి పైకి పోతుందో అదే దాని హద్దు. ఇప్పుడు కిటికీ తలుపులు అన్నీ మూసేసి మళ్లీ చూడండి, పీల్చడం బాగా తగ్గిపోతే బయటి గాలి లోపలికి వచ్చే దారి లేదని అర్థం, చిమ్నీ తప్పు కాదు. మొహమాటం లేకపోతే ఇంకా మంచి పరీక్ష, ఓనరు గారి వాళ్లని అడిగి మూకుట్లో నాలుగు ఎండు మిరపకాయలు వేయించమనండి, మీరు హాల్లో కూర్చోండి. దగ్గు వచ్చిందా, ఇంక రిపోర్టు అక్కర్లేదు.

స్టవ్ నుంచి హుడ్ ఎత్తు కూడా టేపు పెట్టి కొలవండి. గ్యాస్ స్టవ్ అయితే మాన్యువల్స్‌లో 65 నుంచి 75 సెంటీమీటర్లు అని ఉంటుంది, దానికంటే కిందికి ఉంటే మంట తగిలే ప్రమాదం, మరీ పైకి ఉంటే పొగ పక్కకి జారిపోద్ది. పొడుగు మనిషి తల తగులుతోందని పైకి లేపించుకున్న ఇళ్లు చాలా చూశా.

ఫిల్టర్లూ మోటారూ తొందరగా చెప్పేస్తా, ఇవన్నీ మార్చుకోగలిగినవే. మెష్ ఫిల్టర్ అయితే ఊరికే పూడిపోద్ది, వంపు తిరిగిన రేకులతో ఉండే బాఫిల్ ఫిల్టర్ మన వంటకి నయం, ఫిల్టర్‌లెస్ అయితే నూనె తిన్నగా బ్లోయర్ మీదే పడుద్ది కాబట్టి ఆయిల్ కప్పు ఎప్పటికప్పుడు తియ్యాలి. ఆటో క్లీన్ బటన్ నొక్కితే లోపల హీటర్ బ్లోయర్ మీది జిడ్డుని కరిగించి కప్పులోకి దింపుద్ది, అంతవరకే, అది పైపుని క్లీన్ చెయ్యదు, "మాది ఆటో క్లీన్, ఇంక లోపల చూడక్కర్లేదు" అనే మాట నమ్మొద్దు. ఆన్ చెయ్యగానే గుయ్యిమని మూలిగి మెల్లగా తిరుగుతుంటే ఎక్కువసార్లు కపాసిటరే, చిన్న ఖర్చు. ఊగుతూ గడగడలాడుతుంటే బ్లోయర్‌కి ఒకవైపు జిడ్డు పట్టి బరువు తేడా వచ్చి ఉంటుంది, లేకపోతే బేరింగ్. ఫిల్టర్ విప్పి చూసినప్పుడు అల్యూమినియం నల్లబడి పొడిపొడిగా రాలుతుంటే కాస్టిక్ సోడాలో నానబెట్టారని అర్థం, స్టీలుకి అది పనికొస్తుంది గానీ అల్యూమినియంని తినేస్తుంది. సీరియల్ నంబర్ స్టిక్కర్ ఫొటో తీసుకోండి, బిల్లు అడగండి, మోటార్‌కి పదేళ్ల వారంటీ అని చెప్పినా బిల్లు లేకుండా కంపెనీ దగ్గర ఆ మాట నిలబడడం కష్టం.

కరెంటు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. చిమ్నీ ప్లగ్గు చాలా ఇళ్లలో ప్లైవుడ్ బాక్స్ లోపల ఉంటుంది, జిడ్డు పట్టి వైరు తోలు గట్టిపడి పగిలిపోయి ఉంటుంది. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, తడి చేత్తో స్టీలు హుడ్ ముట్టుకునేది మన ఆడవాళ్లే. సింగ్ నగర్ వైపు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు వచ్చిన చోట్ల, గ్రౌండ్ ఫ్లోర్ చూస్తున్నవాళ్లయితే కిచెన్ కింది సాకెట్లు, గోడలోపలి వైరింగ్ అన్నీ చూపించాలి, చిమ్నీ పైన ఉంది కదా తడవలేదు అంటే కుదరదు, దానికి వచ్చే వైరు కిందనుంచి వచ్చి ఉండొచ్చు.

గ్యాస్ గీజర్ గురించి ఎవ్వరూ అడగరు, నేను మాత్రం ప్రతి ఇంట్లో అడుగుతా. వాష్ ఏరియాలోనో కిచెన్ పక్కనో గీజర్ పెట్టి, ఆ వాష్ ఏరియాకి గ్లాస్ వేసి మూసేసిన ఫ్లాట్లు మన ఊళ్లో బోలెడు. పొగ పైపు లేని గీజర్ కాలిన గాలిని ఆ గదిలోనే వదులుద్ది. పైపు ఉన్నా, పక్కన చిమ్నీ ఫుల్ స్పీడ్‌లో ఇంట్లో గాలంతా లాగేస్తుంటే, కిటికీలన్నీ మూసి ఉంటే, ఇల్లు తనకి కావాల్సిన గాలిని దొరికిన కన్నంలోంచి లాక్కుంటుంది, అందులో ఆ గీజర్ పైపు కూడా ఒకటి. బయటికి పోవాల్సింది వెనక్కి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, ముందు తలనొప్పి, మగత, తర్వాత మనిషి లేవడు. అక్కడ మీ బావమరిది లెవెల్ 2 చేయించింది సగం ఈ భయానికే, ఇక్కడ గీజర్ అదే పని చేస్తుంది గానీ మనం దాన్ని చిమ్నీ లెక్కలో వెయ్యం. గీజర్ ఉన్న గదికి ఎప్పుడూ మూయలేని వెంటిలేటర్ ఉండాలి, లేకపోతే కొన్నాక మొదటి పని అదే పెట్టుకోండి, లేదంటే కరెంటు గీజర్‌కి మారిపోండి. చేతిలో పనే కాబట్టి గ్యాస్ ట్యూబు మీద తేదీ కూడా చూడండి, సురక్ష ట్యూబు అయిదేళ్లకోసారి మార్చాలి.

ఎవరితో చూపించాలి అన్నారు. అమెరికాలోలాగా చిమ్నీ ఇన్‌స్పెక్టర్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లు ఇక్కడ దొరకరు. కంపెనీ సర్వీస్ మనిషి తన డబ్బా వరకు చూస్తాడు, పైపు నాది కాదంటాడు. ఇల్లు మొత్తం చూసే హోం ఇన్‌స్పెక్షన్ వాళ్లు తేమ, పగుళ్లు, వైరింగ్ బాగా చూస్తారు, చిమ్నీ దగ్గర ఆన్ ఆఫ్ చేసి టిక్కు పెడతారు. కాబట్టి చిమ్నీలు బిగించే అనుభవం ఉన్న మనిషిని ఒక విజిట్ ఫీజు మాట్లాడుకుని పిలవండి, కానీ ముందే చెప్పెయ్యండి, "చూసి చెప్పడానికే డబ్బులిస్తా, క్లీనింగూ రిపేరూ నీతో చేయించను" అని. అది వినగానే సగం రోగాలు మాయమవుతాయి. ఫ్రీగా చూస్తానని వచ్చినవాడికి జీతం మీ మోటార్ పోయిందని చెప్పడంలోనే ఉంది. పైపులోకి దూర్చే చిన్న కెమెరా ఫోనుకి తగిలించుకునేది ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుద్ది, అది తెచ్చాడా అని అడగండి. హుడ్ వైపు నుంచి ఒకసారి, బయటి మూతి నుంచి ఒకసారి దూర్చాలి, వీడియో మీ ఫోనులో, మీ ముందే తీయాలి, మీ స్టవ్ టైల్స్ కనపడుతూ మొదలవ్వాలి. వేరే ఇంటి జిడ్డు పైపు ఫొటో చూపించి డీప్ క్లీనింగ్ బిల్లు వేసేవాళ్లు ఉన్నారు. ఫాల్స్ సీలింగ్ ఉంటే ఒక లైటు విప్పి చూడ్డానికి ఓనరు పర్మిషన్ ముందే తీసుకోండి, వద్దంటే వద్దన్నాడని గుర్తుపెట్టుకుని బేరం చెయ్యండి.

బేరం దగ్గరికే వస్తే, తొమ్మిదేళ్ల చిమ్నీకి నేను విలువ కట్టను, బాగా పీలిస్తే అది మీ అదృష్టం, ఆయన చెప్పే ఇరవై వేలలో ఒక్క రూపాయి కూడా ఫ్లాట్ రేటులో కలపనివ్వొద్దు. గోడకి సరైన 6 అంగుళాల కన్నం, పొట్టి పైపు, తెరిచి ఉన్న బయటి మూతి ఉంటే ఆ ఫ్లాట్‌కి నిజంగా కొంత విలువ ఉన్నట్టే, ఎందుకంటే డబ్బా రేపు మార్చినా ఆ దారి పనికొస్తుంది. అది లేకపోతే అడ్వాన్స్ ఇచ్చేముందే అసోసియేషన్ వాళ్లని అడగండి, బయటి గోడకి కన్నం పెట్టనిస్తారా, ఏ వైపు పెట్టనిస్తారు అని. ముందు ఎలివేషన్ వైపు చాలామంది ఒప్పుకోరు, వెనక వాష్ ఏరియా వైపు మామూలుగా ఒప్పుకుంటారు. కన్నం కొట్టే చోట బీమో కాలమో లేకుండా చూసుకోవాలి, దాన్ని మాత్రం ఎవరొప్పుకున్నా ముట్టుకోకూడదు.

కొన్నాక అయినా ఒకటి మర్చిపోవద్దు, మూకుట్లో నూనె అంటుకుంటే ముందు స్టవ్ ఆపి, చిమ్నీ ఆపి, మూత పెట్టెయ్యండి. చిమ్నీ నడుస్తుంటే మంటని జిడ్డు పైపులోకి అదే లాక్కెళ్లుద్ది. నీళ్లు మాత్రం పొయ్యొద్దు.

గుణదల ఫ్లాట్‌కి రెండోసారి వెళ్లినప్పుడు బయటి గోడ ఫొటో ఒకటి, హుడ్ పైన బాక్స్ తలుపు తీసి పైపు కనపడేలా ఒకటి, స్టవ్ నుంచి హుడ్‌కి టేపు పెట్టింది ఒకటి, వాష్ ఏరియాలో గీజర్ ఉంటే దానిది ఒకటి తీసి ఇక్కడ పెట్టండి. కన్నం 4 అంగుళాలా 6 అంగుళాలా అన్నది ఫొటోలో తేలదు, అది కొలిచి రాయండి.